కోర్సు అయ్యాక కూడా మలేరియా కిట్‌లో గీత: మందు పనిచేయనట్టేనా?

సిస్టర్ గారూ, కోర్సు పూర్తయి జ్వరం తగ్గిన పిల్లాడికి రెండు వారాల తర్వాత కిట్‌లో మళ్లీ మసకగా పీఎఫ్ (ఫాల్సిపారం మలేరియా) గీత పడిందని, ఇంకో కోర్సు ఇవ్వాలా అని అడిగారు. ఆ గీతను చూసి మాత్రం ఇవ్వకండి. ముందు స్లైడ్ (మైక్రోస్కోప్‌లో చూడటానికి గాజు పలక మీద రక్తపు పూత) తీయండి.

మన బైవేలెంట్ (రెండు రకాల మలేరియాను చూపే) కిట్‌లో పీఎఫ్ గీత పట్టుకునేది పరాన్నజీవిని కాదు, అది వదిలిన హెచ్‌ఆర్‌పీ-2 ప్రోటీన్‌ని. పరాన్నజీవి చచ్చినా ఆ ప్రోటీన్ రక్తంలో వారాల తరబడి ఉంటుంది, పెళ్లయిపోయినా పందిరి విప్పనట్టు. పీవీ (వైవాక్స్ మలేరియా) గీత సంగతి వేరు. అది బతికున్న పరాన్నజీవి తయారుచేసే ఎల్‌డీహెచ్ ఎంజైమ్‌ని బట్టి పడుతుంది కాబట్టి త్వరగానే పోతుంది. అందుకే పీఎఫ్ చికిత్స ఫలించిందో లేదో కిట్‌తో తేల్చలేం.

ఒకే స్లైడ్ మీద మందపు పూత, పలుచని పూత రెండూ తీసి, బాగా ఆరనిచ్చి పీహెచ్‌సీ ల్యాబ్‌కి పంపండి. నెలవంక ఆకారపు గామిటోసైట్లు (పరాన్నజీవి దోమలోకి వెళ్లే దశ) మాత్రమే కనిపిస్తే దాన్ని కూడా మందు ఫెయిలైనట్టు లెక్కేయరు. రింగ్ ఫారమ్స్ (రక్తంలో పెరుగుతున్న ఉంగరం ఆకారపు పరాన్నజీవులు) ఉంటేనే అనుమానించాలి, ఏం చేయాలో డాక్టర్ గారు చూసుకుంటారు. పిల్లాడికి మళ్లీ జ్వరమొచ్చినా, వాంతులు, మగత, ఫిట్స్ ఉన్నా స్లైడ్ రిపోర్టు కోసం ఆగొద్దు, పిల్లాణ్ని వెంటనే ఆసుపత్రికి పంపేయండి.

గీత మసకగా ఉందన్నారు కదా, మసక గీత కూడా పాజిటివే. కానీ కిట్ మీద రాసిన టైమ్ దాటాక చూసిన గీత మాత్రం లెక్కలోకి రాదు. రిజిస్టర్‌లో ఈ ఫలితం పక్కనే మొదటి పాజిటివ్ తేదీ కూడా రాయండి, లేకపోతే ఇది కొత్త కేసుగా ఎక్కేస్తుంది.