మొదటి లైన్లో ఆ పేరు వద్దు

తమ్ముడూ, మద్దిలపాలెం హాస్టల్ కుర్రాళ్లకి హెచ్ఐవీ మెసేజ్‌లు పెడుతుంటే సగంమంది బ్లాక్ చేస్తున్నారన్నావు. నీ నమూనా చూశాను. 'హెచ్ఐవీ ప్రాణాంతకం, జాగ్రత్త!' అని మొదలవుతోంది. ఫోన్ లాక్‌లో ఉన్నా ఆ లైను పైకి కనబడుతుంది. పక్క మంచం వాడు చూస్తే ఏమనుకుంటాడోనని భయం. గొడవంతా అక్కడే.

'మీరు అడిగిన ఆరోగ్య సమాచారం' అని మొదలుపెట్టు. అంటే ముందు వాళ్లని అడిగే నంబర్ తీసుకోవాలి, ఆపమంటే ఆపెయ్యాలి. గ్రూపు మాత్రం పెట్టకు, అందరి నంబర్లూ అందరికీ తెలిసిపోతాయి.

భయపెట్టకుండా పనికొచ్చేది చెప్పు: 'కండోమ్ చిరిగిందా? వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. 72 గంటల్లోపు పెప్ మందులు మొదలుపెడితే హెచ్ఐవీ సోకకుండా ఆపే వీలుంది. 28 రోజులు వాడాలి.' ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది లోలోపల కుమిలిపోతారో!

పరీక్షకి మన విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ఐసీటీసీ, అంటే హెచ్ఐవీ సలహా, పరీక్షల కేంద్రం ఉంది, ఉచితం. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం మన సమ్మతి లేకుండా పరీక్ష చెయ్యకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. ఇది తప్పకుండా రాయి, కుర్రాళ్లు వెనకాడేది దీనికే. చివర్లో 1097 హెల్ప్‌లైన్ ఇవ్వు. ఎవరైనా తిరిగి మెసేజ్ పెడితే మాత్రం అదే రోజు మనిషే జవాబివ్వాలి.