మంద చుట్టూ తిరిగే నక్కకు ఏ రైఫిల్?

ప్రశ్న: మా పొలంలో గొర్రెలు, కోళ్లు ఉన్నాయి. పొద్దు వాలాక నక్కలు, అప్పుడప్పుడు కయోటీలు (ఉత్తర అమెరికాలో ఉండే, తోడేలును పోలిన అడవి జంతువులు) వచ్చి వాటిని ఎత్తుకుపోతున్నాయి. నా దగ్గరున్న .22 ఎల్‌ఆర్ రైఫిల్ చాలుతుందా, లేక .17 హెచ్‌ఎంఆర్ గానీ .223 గానీ (ఈ అంకెలు సుమారుగా బుల్లెట్ వెడల్పు, అంగుళాల్లో) కొనాలా? పొలానికి ఒక పక్క ఇళ్లు, రోడ్డు ఉన్నాయి.

జవాబు: మీరు చివర్లో రాసిన ఇళ్లు, రోడ్డు సంగతినే ముందుగా ఆలోచించాలి. జంతువుకు తగలకుండా పోయిన బుల్లెట్ ఎక్కడ ఆగుతుందన్నది, అది ఎంత దూరం కొడుతుందన్నదానికంటే ముఖ్యం.

.22 ఎల్‌ఆర్‌లో మామూలుగా వాడే 40 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత, సుమారు 0.065 గ్రాములు) బుల్లెట్ సెకనుకు సుమారు 375 మీటర్ల వేగంతో వెళ్తుంది. కోళ్ల గూడు దగ్గర 50 మీటర్ల లోపు కదలకుండా నిలబడిన నక్కకు అది సరిపోవచ్చు గానీ, కయోటీకి చాలదు. గాయంతో పారిపోయి ఎక్కడో బాధపడి చస్తుంది. పైగా ఈ మెత్తని సీసపు బుల్లెట్ గట్టి నేలకో రాయికో తగిలితే పగలకుండా ఎగిరి దారి మళ్లుతుంది. చిన్న తూటాయే కదా అనుకుంటారు గానీ, ఇది కిలోమీటరున్నర దూరం కూడా పోగలదు.

2002లో వచ్చిన .17 హెచ్‌ఎంఆర్‌లో 17 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 775 మీటర్ల వేగంతో వెళ్లి, చాలావరకు తగిలినచోటే ముక్కలవుతుంది. 100 మీటర్ల దాకా నక్కకు మంచి ఎంపికే. అయితే అంత తేలిక బుల్లెట్‌ను పక్కగాలి ఇట్టే నెట్టేస్తుంది. గంటకు 16 కిలోమీటర్ల గాలికి ఆ దూరంలోనే సుమారు 10 సెంటీమీటర్లు తప్పుతుంది.

కయోటీలు కూడా వస్తున్నాయంటున్నారు కాబట్టి నా సలహా బోల్ట్ యాక్షన్ (ప్రతి గుండుకూ చేత్తో గడియ లాగి తూటా ఎక్కించే) .223. దాని 55 గ్రెయిన్ల బుల్లెట్ శక్తి .17 హెచ్‌ఎంఆర్‌కు దాదాపు ఐదు రెట్లు. 200 మీటర్లలో ఉన్న కయోటీని కూడా అక్కడికక్కడే పడగొట్టగలదు. పలుచని తొడుగుతో, తగలగానే చితికిపోయేలా చేసిన వర్మింట్ (చిన్న హానికర జంతువుల వేటకు చేసిన) బుల్లెట్లనే కొనండి. పూర్తి లోహపు తొడుగు ఉన్నవి చవకగా దొరికినా ఈ పనికి వద్దు. ఏది వాడినా బుల్లెట్ మట్టిలో దిగేలా ఎత్తైన చోటు నుంచి కిందికి కాల్చాలి. ఇళ్ల వైపు మాత్రం ఎప్పుడూ కాల్చకూడదు. చప్పుడు ఎక్కువ కనుక చెవులకు రక్షణ తప్పనిసరి, గొర్రెలు బెదరడం కూడా ఖాయం.

చీకట్లో లైటు వేస్తే మెరిసే కళ్లను చూసి ట్రిగ్గర్ నొక్కకండి, కాపలా కుక్క కళ్లూ అలాగే మెరుస్తాయి. రాత్రి కాల్పులకు, ఆయా జంతువుల వేటకు అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి. రైఫిల్ వచ్చాక స్కోప్‌ను (గురి చూసే దుర్భిణిని) 100 మీటర్లకు సరిచేసుకుని, ఏ తూటాలతో సరిచేశారో వాటినే వేటకూ వాడండి. బుల్లెట్ బరువు మారితే గురి మళ్లీ సరిచూసుకోవాలి.