క్రిస్మస్‌కి బస్తీలో బియ్యం, దుప్పట్లు పంచడం మేలా, కీడా?

మీరు అడిగింది ఇదీ: మీ చర్చి సంఘం ఏటా డిసెంబరులో పక్క బస్తీలో 200 ఇళ్ళకి పది కిలోల బియ్యం, ఒక దుప్పటి ఇస్తోంది. "ఇలా ఇస్తుంటే సోమరులైపోతారు, ఆపేద్దాం" అని కొందరు పెద్దలంటున్నారు, ఏం చేయాలి?

ఆపొద్దు, మార్చండి. పొద్దున ఆరింటికే టిఫిన్ డబ్బా పట్టుకుని కూలి పని కోసం అడ్డా మీద నిలబడే మనిషి ఏడాదికో బియ్యం సంచితో సోమరి కాడు. తేడా వేరే చోట వస్తోంది.

మొదటిది, నెల. డిసెంబరులో ఇళ్ళ పనులు జోరుగా సాగుతాయి, చేతిలో కూలి డబ్బులు ఆడతాయి. కటకట మొదలయ్యేది జూన్‌లో, బడి ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంతో. ఆ వెనకే వానలు, అడ్డా నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చే రోజులు. రోజువారీ వసూలు చేసే గిరిగిరి ఫైనాన్సు వాడి దగ్గర సంతకం పెట్టేది అప్పుడే. అందుకే డిసెంబరు డబ్బులో సగమైనా జూన్‌కి దాచండి.

రెండోది, వస్తువు. తెలంగాణలో రేషన్ కార్డుంటే మనిషికి నెలకి ఆరు కిలోల బియ్యం వస్తోంది, 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యమే. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. వాళ్ళకి కొరత నూనెకి, కందిపప్పుకి, గ్యాస్ బండకి. బియ్యం కావాల్సింది కార్డు లేనివాళ్ళకి: పెళ్ళయ్యి వేరుపడి ఇంకా పేరు ఎక్కనివాళ్ళు, కొత్తగా వలసొచ్చినవాళ్ళు. ఇక దుప్పట్లంటారా, నాలుగో ఏడాది దుప్పటి కవరు కూడా విప్పకుండా మంచం కింద మూటలోకి పోతుంది.

సంచుల బదులు కిరాణా చీటీలు ఇచ్చి చూడండి. ఇంటికి 800 రూపాయల చీటీ, దాని మీద నంబరు, సంఘం ముద్ర, నెల రోజుల గడువు. బస్తీలోని రెండు కొట్లతో మాట్లాడుకోండి. ఒక్కటే అయితే ధర వాడిష్టం. దీనివల్ల 200 సంచులు టోకు బజారు నుంచి దింపి బస్తీ కొట్టువాడి నెల బేరం దెబ్బకొట్టే పనీ తప్పుతుంది. తేడా వచ్చేది రెండు చోట్ల. ఒకటి, చీటీ చూడగానే కొట్టు సేటు పాత ఉద్దెరలో జమ కట్టేసుకుంటాడు. రెండు, చీటీ తీసుకుని 600 నగదు చేతిలో పెడతాడు. అందుకే చీటీ వెనక ఏ సరుకు ఎంతిచ్చాడో రాసి, ఇంటావిడ సంతకమో వేలిముద్రో ఉంటేనే వారానికోసారి లెక్క తీర్చండి, ఐదారిళ్ళకి వెళ్ళి అడగండి కూడా. నమ్మకం కుదిరాక నేరుగా ఇంటావిడ ఖాతాలో వేసేయడం ఇంకా నయం. నిజానికి చీటీ అవసరం బస్తీవాళ్ళకి కాదు, సంఘ పెద్దల గుండెధైర్యానికి!

జాబితా మాత్రం బస్తీ లీడరు చేత రాయించకండి. అంగన్‌వాడీ టీచరుకి, ఆశా కార్యకర్తకి ఏ ఇంట్లో పొయ్యి వెలగట్లేదో తెలుసు. ప్రార్థనకొస్తేనే చీటీ అనే షరతు పెట్టకండి. పెడితే పక్క వీధి సంఘం 1000 ఇచ్చిన రోజు అందరూ అక్కడుంటారు, నిజంగా నమ్మి వచ్చినవాళ్ళ మీద కూడా బియ్యం కోసం చేరారన్న మాట పడుతుంది. వరసలో నిలబెట్టి ఫొటోలు తీయడమూ వద్దు. ఆ ఫొటోలో తల్లి పక్కన నిలబడ్డ పిల్ల మర్నాడు బడికెళ్ళాలి.

చేతనైనవాళ్ళకి పనివ్వడం అన్నిటికన్నా మేలు. మెదక్ చర్చిని మిషనరీ పోస్నెట్ దొర కట్టించింది ఆకలితో ఉన్నవాళ్ళకి పని చూపిస్తూనే. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. మీ చర్చి సున్నాలు, ప్లంబింగు, వంటలు బస్తీవాళ్ళకే ఇవ్వండి, అడ్డా రేటు ఇవ్వండి. చాలా చోట్ల పేద విశ్వాసి చేత "సేవ" పేరుతో ఊరికే పని చేయించుకుని, ఆ కుటుంబానికే క్రిస్మస్‌కి దుప్పటి కప్పుతారు. ఆ కూలి ఇచ్చేస్తే దుప్పటి వాళ్ళే కొనుక్కుంటారు.

అప్పులు మాత్రం సంఘం నిధి నుంచి ఇవ్వొద్దు. కట్టలేనివాడు ముఖం చెల్లక ఆదివారం రావడం మానేస్తాడు. డబ్బూ పోతుంది, మనిషీ పోతాడు. ఇస్తే కానుకగా ఇవ్వండి, లేదంటే పొదుపు సంఘంలో చేర్పించండి.

ఆసుపత్రి విషయంలో కొద్ది డబ్బే చాలా పని చేస్తుంది. తెలంగాణ ఆరోగ్యశ్రీలో ఏడాదికి కుటుంబానికి పది లక్షల దాకా ఉంది. అయినా హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో రోగి పక్కన పది రోజులు కూర్చునే మనిషి కూలి, ఆటో, తిండి ఎవరూ ఇవ్వరు. అక్కడ మూడు వేలు పెట్టండి.

పిల్లల హోమ్ పెడదామనే మాట ఎవరైనా ఎత్తితే గట్టిగా అడ్డుపడండి. 2015 బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లక్షకి తగ్గని జరిమానా, లేదా రెండూ. అంతకంటే ముఖ్యం, పేదరికం ఒక్కటే కారణంగా తల్లి బతికుండగా బిడ్డని విడదీయకూడదు. ఆ ఖర్చు తల్లి ఇంటి అద్దెకి, పిల్ల బడికి ఇస్తే సరిపోతుంది.

వరదలొస్తే ఈ లెక్కలేవీ చూడొద్దు. హైదరాబాద్‌లో 2020 అక్టోబరులోలా ఇళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడు మొదటి మూడు రోజులు వండిన అన్నమే పంపండి, బియ్యం కాదు. పొయ్యి, అగ్గిపెట్టె, గిన్నెలు అన్నీ బురదలోనే ఉంటాయి. నాలుగో రోజు నుంచి చాపలు, బ్లీచింగ్ పొడి, తడిసిపోయిన ఆధార్ కార్డులు మళ్ళీ తీయించే మనిషి.