న్యూసెన్స్: చిరాకా, బెడదా?

సందేహం: ‘న్యూసెన్స్’ అనే ఇంగ్లీషు మాటకు చిరాకు అని కొందరు, అల్లరి అని కొందరు అర్థం చెబుతున్నారు. ఏది సరి? ‘న్యూసెన్స్ చేయకు’ అనడం తప్పా? దీనికి తెలుగు మాట ఉందా?

సమాధానం: చిరాకు మనసులో పుట్టేది, న్యూసెన్స్ దాన్ని పుట్టించేది. అర్ధరాత్రి దాటినా ఆగని డీజే న్యూసెన్స్ అయితే, దానివల్ల పక్కింటివారికి కలిగేది చిరాకు. చట్టమూ ఈ భేదాన్ని పాటించింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 268వ సెక్షన్, దాని స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 270వ సెక్షన్, ప్రజలకు ఉమ్మడిగా హాని, అపాయం లేదా చిరాకు కలిగించే పనిని పబ్లిక్ న్యూసెన్స్ అన్నాయి. దానివల్ల ఎవరికో కొంత సౌకర్యం ఉన్నంతమాత్రాన అది క్షమార్హం కాదనీ చెప్పాయి. ఈ మాటకు మూలం ‘హాని చేయు’ అనే అర్థంగల లాటిన్ ధాతువు. హాని చేయనివాడు అనే అర్థంలో ఏర్పడిన ‘ఇన్నోసెంట్’ కూడా ఆ ధాతువునుంచి వచ్చిందే.

అల్లరి కొంత దగ్గరే గాని, పసివాడి అల్లరిని ముద్దుచేస్తాం, న్యూసెన్స్‌ను ఎవరూ ముద్దుచేయరు. ఇక ‘నాన్సెన్స్’ అర్థంలేని మాట. కోపంలో చాలామంది ఈ రెంటినీ కలిపేస్తుంటారు.

ఇంగ్లీషులో న్యూసెన్స్ నామవాచకమే. మనిషినైనా, వస్తువునైనా, పరిస్థితినైనా న్యూసెన్స్ అనవచ్చు. ‘రభస చేయు’, ‘గొడవ చేయు’ వరుసలో మనవాళ్లు దీనికీ ‘చేయు’ చేర్చుకున్నారు. తెచ్చుకున్న మాటను మన వాక్యంలో ఇముడ్చుకునే పద్ధతి అదే కాబట్టి, దాన్ని తప్పనను. గోడలమీద కనిపించే ‘కమిట్ నో న్యూసెన్స్’ అనే హెచ్చరికకు మాత్రం మన దేశంలో ఇక్కడ మూత్రం పోయరాదనే అర్థం స్థిరపడింది.

తెలుగులో దీనికి అతికే మాట ‘బెడద’. దోమల బెడద, కోతుల బెడద, వీధికుక్కల బెడద అని పత్రికలు రోజూ రాస్తూనే ఉన్నాయి. కొందరు సూచించే ‘ఉపద్రవం’ అనగానే నేడు వరదలూ తుపానులే తలపుకు వస్తాయి కనుక, అది ఇక్కడ మరీ బరువు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నాలుగో అధికరణం (భాగం) పేరు ‘కంటకశోధనం’, అంటే ముళ్లను ఏరివేయడం. ప్రజలను పీడించేవారిని ముళ్లతో పోల్చిన ఆ పద్ధతి ‘ప్రజాకంటకుడు’ అన్న మాటలో నేటికీ నిలిచి ఉన్నా, రోడ్డుపై తాగి అరిచేవాణ్ణి అంత మాట అనలేం. వ్యవహారంలో బెడద అనండి, కేసుల సందర్భంలో న్యూసెన్స్‌ను అలాగే ఉంచండి. ‘బెడద కేసు’ అని రాసిస్తే స్టేషన్ రైటరే అదేమిటని అడుగుతాడు.