అచ్చియుండవద్దు, తీర్పు తీర్చవద్దు

సందేహం: మా చర్చి సంఘంలో బైబిల్లోని రోమా పత్రిక (రోమీయులకు పౌలు రాసిన లేఖ) చదువుతున్నాం. 13వ అధ్యాయం 8వ వచనంలో ‘ఒకని నొకడు ప్రేమించుట విషయములో తప్ప మరేమియు ఎవనికిని అచ్చియుండవద్దు’ అని ఉంది. ‘ఇచ్చియుండవద్దు’ అనబోయి పడిన అచ్చుతప్పు అది అంటాడు మా అబ్బాయి. తర్వాతి అధ్యాయంలోని ‘తీర్పు తీర్చు’ కూడా పునరుక్తేనట. ‘జడ్జ్ చేయవద్దు’ అంటే పోదా అంటాడు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

సమాధానం: అచ్చుతప్పు కాదమ్మా, అచ్చు అనే క్రియే. ఋణపడు, బాకీ ఉండు అని అర్థం. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో పదివేల తలాంతులు (అప్పటి సొమ్ము కొలత) ‘అచ్చియున్న’ దాసుడి దగ్గరా ఇదే మాట. అబ్బాయి దిద్దినట్లు చదివితే, ప్రేమ తప్ప ఎవరికీ ఏమీ ఇవ్వకండి అని పౌలు బోధించినట్లవుతుంది. పిసినారులకు అంతకంటే మంచి వాక్యం దొరకదు. పై వచనం చూసినా చిక్కు విడిపోయేది. పన్ను, సుంకం, భయం, సన్మానం ఎవరివి వారికి చెల్లించమని చెప్పి, ‘అందరికిని వారి వారి ఋణములను తీర్చుడి’ అన్నాడక్కడ. అన్ని బాకీలూ కట్టేశాక కూడా మిగిలే బాకీ ప్రేమ. పొరుగువాణ్ణి ప్రేమించినవాడే ధర్మశాస్త్రం నెరవేర్చినవాడని ఆ వెంటనే అంటాడు.

ఇక ‘తీర్చు’. దీని గురించి ఎవరైనా అడుగుతారేమోనని చాలాకాలంగా ఎదురుచూస్తున్నాను. తీరు అంటే ముగియు. ఆకలి తీరుతుంది, మోజు తీరుతుంది, పని తీరితే తీరిక. తమిళంలో తీర్ప్పు, కన్నడంలో తీర్పు ఉన్నాయి కనుక ఇది ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. సర్కారుకు కట్టవలసింది కట్టేస్తే తీరువా. నీటి తీరువా మాట రైతులెవరికైనా తెలుసు. పదిమంది కూర్చుని తగవు తీరిస్తే తీర్పు, తీర్చినవాడు తీర్పరి. అంటే అప్పు తీర్చినా తగవు తీర్చినా ధాతువు ఒక్కటే. (విధం అనే అర్థంలో ‘తీరు’ కథ మరోసారి.) పాట పాడు, ఆట ఆడు అన్నప్పుడు రాని పునరుక్తి ‘తీర్పు తీర్చు’ అన్నప్పుడే ఎందుకు వచ్చిందో అబ్బాయినే అడగండి.

అయితే అతని గొణుగుడులో ఒక న్యాయం లేకపోలేదు. 14వ అధ్యాయంలో గొడవంతా పళ్లెం దగ్గర. ఒకడు అన్నీ తింటాడు, ఇంకొకడు కూరగాయలే తింటాడు. ‘తిననివాడు తినువానికి తీర్పు తీర్చకూడదు’ అన్నాడు పౌలు. పక్కవాడి కంచంలోకి తొంగిచూసి పెదవి విరిచినవాడు ఏ తగవు తీర్చాడు? కొత్తది పెట్టాడు! అక్కడ ‘తప్పుపట్టు’ అంటే హాయిగా ఉంటుందని నాకూ అనిపిస్తుంది. కానీ తర్వాతి వచనంలోనే ‘పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు నీ వెవడవు?’ అన్న గద్దింపు ఉంది. 10వ వచనానికి దేవుని న్యాయపీఠమే వస్తుంది. పీఠం ఆయనది, ఎక్కి కూర్చున్నది మనం. న్యాయస్థానపు మాట లేకపోతే ఆ దెబ్బ తగలదు. అనువాదకులు ఊరికే వాడలేదు.

ఇంకొకటి. ఒక దినం కంటే మరో దినం మంచిదని ‘ఎంచుట’ 5వ వచనంలో ఉంది. సహోదరునికి అడ్డం కాకూడదని ‘నిశ్చయించుకొనుట’ 13వ వచనంలో ఉంది. గ్రీకు మూలంలో ఈ రెండు చోట్లా, ‘తీర్పు తీర్చు’ దగ్గరా ఒకటే క్రియ. తెలుగువాడు సందర్భం చూసి మూడు మాటలు వాడాడు. ఎంచుకు తోబుట్టువు ఎన్ను. ‘తప్పులెన్నువారు తమ తప్పులెరుగరు’ అన్న వేమనను తలచుకుంటే నాలుగోదీ దొరుకుతుంది. ఇంత సంపద చేతిలో పెట్టుకుని ‘నన్ను జడ్జ్ చేయకండి’ అంటూ హైదరాబాద్ కుర్రకారు ఒక్క ముక్కతో సరిపెట్టుకోవడం సోమరితనం కాక మరేమిటి?

చదివేటప్పుడు ‘అచ్చియుండవద్దు’ అనే చదవండి. పిల్లలకు ‘బాకీపడి ఉండవద్దు’ అని ఒకసారి విడమరచండి. మీరు అడగకపోయినా, ‘తీర్పు ఇచ్చారు’ అనేది పత్రికల్లో పాతుకుపోయింది. తప్పనలేను. నేను మాత్రం రాయను.