40 సెంటర్ల లెక్క ఒక్క సర్వర్‌కు ఎట్ల పంపాలె
తమ్మీ, దేవరకొండ, హాలియా, మిర్యాలగూడ దిక్కు 40 పాల సెంటర్ల నుంచి సీఎస్‌వీ ఫైళ్లు (కామాలతోని విడదీసిన లెక్కల పట్టికలు) నల్లగొండల ఉన్న సర్వర్‌కు రావాలె, ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే పాత పద్ధతి) పెట్టాల్నా ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌కు నేరుగ లెక్క పంపే దారి) రాయాల్నా అని అడిగినవ్ గదా. ఎఫ్‌టీపీ అయితే ఒద్దే ఒద్దు, పాస్‌వర్డ్ గూడ ఎన్‌క్రిప్ట్ గాకుండ, మధ్యల ఎవరన్నా చదివేటట్టు అట్లనే పోతది. పూటకొక్క ఫైల్ వస్తే చాలనుకుంటే ఎస్‌ఎఫ్‌టీపీ (అన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి ఫైళ్లు పంపే పద్ధతి) పెట్టు, సర్వర్‌ల 22 పోర్ట్ (లోపలికొచ్చే తలుపసొంటిది) ఒక్కటి తెరిస్తే అయిపాయె, సెంటర్‌కో కీ (పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య ఫైల్) ఇయ్యి, అందరికీ ఒక్కటే ఇస్తే రేపు ఒక ల్యాప్‌టాప్ పోయిందనుకో 40 చోట్ల మార్చుకుంట తిరగాలె. పాలు పోసినప్పుడల్లా లెక్క కావాలంటే మాత్రం ఏపీఐ రాసి హెచ్‌టీటీపీఎస్ (ఎన్‌క్రిప్ట్ అయ్యే వెబ్ దారి) మీద పోస్ట్ కొట్టుడే, అంటే ఒక్కో లెక్కను అప్పుడే సర్వర్‌కు పంపుడే మంచిది.

అసలు తిప్పలు నెట్‌తోని. మా ఊర్ల కరెంటు పోతే నెట్ గూడ పోతది, ఫైల్ సగం ఎక్కి ఆగుతది, సర్వర్ గా సగాన్నే చదివేసి తప్పు లెక్క చూపిస్తది, దీనితోని నేను రెండు రోజులు తల పట్టుకున్న. అందుకే ఫైల్ పేరు చివర పార్ట్ అని పెట్టి పంపి, మొత్తం ఎక్కినంక అసలు పేరుకు మార్చు. ప్రతి లైన్‌కు సెంటర్ నంబర్, తేదీ, పూట, రసీదు నంబర్ కలిపి ఒక ఐడీ చేసి డేటాబేస్ టేబుల్‌ల యూనిక్ (ఒక ఐడీ ఒక్కసారే ఉండాలన్న షరతు) పెట్టు, మళ్ల పంపినా డబుల్ ఎక్కదు. ఇంకోటి, అందరూ రాత్రి 9కే పంపేటట్టు క్రాన్ (టైమ్‌కు దానంతటదే పని నడిపేది) పెట్టకు, అన్నీ ఒక్కసారే సర్వర్ మీద పడ్తయి, టైమ్ జర అటూఇటూ చెయ్యి.