ఇంటర్నెట్ లేకపోతే దివ్యాంగ క్రీడాకారులు ఇంట్లో ఫిట్‌గా ఉండగలరా?

ఉండగలరు, అందుకు కోచ్ రాసిచ్చిన ఒక కాగితం, పూర్తయిన రోజుకు టిక్కు పెట్టుకునే క్యాలెండర్, వారానికి ఒకటి రెండు ఫోన్ కాల్స్ సరిపోతాయి. కండరాలనూ గుండెనూ నిలబెట్టేది క్రమం తప్పని శ్రమే తప్ప వీడియో కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వైకల్యం ఉన్న పెద్దలకు కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామాన్ని, కనీసం 2 రోజులు కండరాలను బలపరిచే వ్యాయామాన్ని సూచిస్తున్నాయి. శ్రమను అంచనా వేయడానికి పరికరం కూడా అక్కరలేదు: మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ.

వీల్‌చెయిర్ క్రీడాకారుడిని తీసుకుందాం. చక్రాలను నెట్టీ నెట్టీ ఛాతీ, భుజాల ముందు భాగం బలపడతాయి గానీ వీపు కండరాలు వెనకబడతాయి. అందుచేత గట్టి కిటికీ ఊచకు వ్యాయామానికి వాడే పొడవాటి రబ్బరు బ్యాండు కట్టి, వీల్‌చెయిర్‌కు బ్రేకులు వేసి, బ్యాండు కొసలు పట్టుకుని, వీపు పైభాగంలోని రెండు రెక్క ఎముకలూ దగ్గరయ్యేలా మోచేతులను నెమ్మదిగా వెనక్కి లాగాలి. మేధో వైకల్యం ఉన్నవారికైతే కోచ్ ఇచ్చే కాగితం మీద, కదలికకొక బొమ్మ చొప్పున గీసి ఇవ్వడం ఎంతో మేలు.

దివ్యాంగులు అలసిపోకూడదని, విశ్రాంతే క్షేమమని చాలామంది ప్రేమతోనే అనుకుంటారు. నిజానికి కదలిక తగ్గిన కొన్ని వారాల్లోనే దమ్ము, ఆ తరువాత బలం తగ్గుతాయి. జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ముఖ్యంగా వెన్నుపాము పైభాగంలో గాయమైన వారికి చెమట సరిగా పట్టదు, నాడి వేగం కూడా అంతగా పెరగదు కనుక, నాడిని లెక్కించే బదులు ఆయాసాన్ని గమనిస్తూ, గాలి ఆడే చల్లని చోట సాధన చేయాలి.